ఉపవాసమేనా, మామయ్యా?

"గోలి తే, కెజియా! నిలవడి జూస్తవేంది? మనిషికి షుగర్ నెత్తికెక్కింది, జల్ది గోలి తే!"

ఎలీసబెతమ్మ కేక వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది. రెండడుగుల దూరంలో నిలబడ్డ కోడలికి మాత్రం వినిపించినట్టు లేదు. కెజియా తన అరచేతిలోని షుగర్ మిషన్‌ను చూస్తూ ఉండిపోయింది. అందులో నలభై ఆరు అని ఉంది.

నూట నలభై ఆరు అయి ఉంటుందని, ముందున్న అంకె కంటికి ఆనలేదని అనుకుంది. కళ్లద్దాలు సరిచేసుకుని మళ్లీ చూసింది. నలభై ఆరే.

మామ జీవరాజ్ వంటింటి గడప దగ్గర గోడకు ఒరిగి కూలబడి ఉన్నాడు. ఆకలవుతోందని లేచి వచ్చిన మనిషి, ఇంకెంతసేపని భార్యను అడగబోయి, అడక్కుండానే జారిపోయాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎదురుగా ఉన్నది ఎవరో పోల్చుకోవడం లేదు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన కుడికాలు నేల మీద దేన్నో తొక్కుతోంది.

"బ్రేక్ వడ్తలేదు," అన్నాడు ముద్దముద్దగా. "జనాలను దిగుమను."

కెజియా ఇంకో వేలు తుడిచి మళ్లీ పొడిచింది. ఈసారి నలభై నాలుగు.

"అత్తమ్మా, ఎక్కువ గాలే. తక్కువైంది."

"ఏం తక్కువైంది?"

"షుగరే. మామయ్యకు షుగర్ తక్కువైంది."

ఎలీసబెతమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఈ పిల్లకు మతి పోయిందా అన్నట్టుంది ఆ చూపు.

"తక్కువైతే మంచిదే గద! తక్కువ చెయ్యాలనే గద రెండు నెలల సంది ఆయన నోట్లె మెతుకు వడనిస్తలేవు? మరి ఎందుకు గిట్ల వడ్డడు?"

"మంచిది గాదత్తమ్మా. ఇంత తక్కువైతే పానం వోతది. గోలి ముట్టద్దు. చక్కెర గావాలె. ఎక్కడన్న పిడికెడు చక్కెర గావాలె ఇప్పుడే."

చక్కెర! ఆ ఇంట్లో ఆ మాట నోటెంట రాక రెండు నెలలైంది. దాన్ని గడప దాటించింది కెజియానే. అన్నం తగ్గించమని, ఏది తింటే ఎంత పెరుగుతుందో చూసుకోమని డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి ఆమె మామ పళ్లెం ముందు పరీక్షాధికారి అయి కూర్చుంది. తినకముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి సూది. అన్నం మొదటి రోజే తప్పింది. ఇడ్లీ తప్పింది. అందరూ నమ్ముకున్న జొన్నరొట్టె కూడా రెండు తింటే తప్పి, ఒకటి తింటే గట్టెక్కింది. పుండికూర, గుడ్లు, కోడికూర, వంకాయ మంచి మార్కులతో నెగ్గాయి. "నా వేలు బోరుబాయి అయింది బిడ్డా, ఎక్కడ వొడిచినా పడ్తాంది," అని జీవరాజ్ నవ్వేవాడు. నవ్వుతూనే వేలు చాచేవాడు. చక్కెర, బెల్లం, తేనె సీసా, బిస్కెట్లు అన్నీ మూటగట్టుకుని హుమ్నాబాద్‌లో ఉండే ఆడపడుచు షెకినా ఇంటికి తరలిపోయాయి.

ఇప్పుడు ఆ పరీక్షాధికారి వంటింట్లో డబ్బా తర్వాత డబ్బా మూతలు ఊడబెరుకుతోంది. శనగపిండి, పల్లీలు, అవిసెగింజలు. తీపన్నది వాసనకు కూడా లేదు. ఒక అరటిపండైనా లేదు. పక్కింటివాళ్లు కుశనూర్‌లో పెళ్లికి వెళ్లారు, తాళం వేసి ఉంది. కిరాణా దుకాణానికి పరిగెత్తాలంటే పెద్ద రోడ్డు దాకా పోవాలి. అప్పటి దాకా ఈ మనిషి ఆగుతాడా?

కెజియా చూపు పొయ్యి మీద ఆగింది.

అక్కడ పెద్ద గిన్నె నిండా ద్రాక్షరసం ఉంది. రేపు చర్చి సంఘంలో ప్రభు భోజనం, అక్కడ అందరికీ పంచేది ఇదే. ఆ రసం కాచే పని ఎన్నో ఏళ్లుగా ఎలీసబెతమ్మది. నల్లద్రాక్ష, చక్కెర సంఘం నుంచే వస్తాయి. వచ్చిన చక్కెరంతా ఆ గిన్నెలోకే పోతుంది, ఇంటి డబ్బాలో పలుకు కూడా పడదు. పొద్దుటి నుంచి ఆమె ఆ పనిలోనే ఉండబట్టి మధ్యాహ్నం వంట ఆలస్యమైంది.

కెజియా గరిటె అందుకుంది. అత్త చప్పున వచ్చి పొయ్యికి అడ్డం నిలబడింది.

"అది ముట్టకు. అది ప్రభువు బల్లది."

"అత్తమ్మా..."

"వద్దంటున్న గద! రేపు పాస్టరయ్య చేతికి వోవాల్సింది. ఎంగిలి చేస్తవా?"

"ఇంక ప్రార్థన చెయ్యలే గదత్తమ్మా! పాస్టరయ్య చెయ్యి వెట్టలే. ఇప్పుడది ఉత్త ద్రాక్షరసమే. మామయ్య పోతుండత్తమ్మా, మీ కండ్ల ముంగటనే పోతుండు!"

గడప దగ్గర కుడికాలు తొక్కడం మానేసింది. ఆ అలికిడి ఆగిపోవడం ఇద్దరికీ వినిపించింది.

ఎలీసబెతమ్మ కోడలి చేతిలోంచి గరిటె లాక్కుంది. గిన్నె మూత తీసి, స్టీలు గ్లాసులో తానే పోసింది. పెదవులతో ఊదుతూ, "క్షమించు ప్రభువా, క్షమించు తండ్రీ," అంటూనే వచ్చి మొగుడి పక్కన కూలబడింది. కెజియా ఆయన తలను తన భుజానికి ఆనించి కూర్చోబెట్టింది. చెంచాతో కొంచెం కొంచెంగా పోశారు. మొదటి రెండు చెంచాలు గడ్డం మీదుగా కారిపోయాయి. మూడోది గుటక పడింది.

గుటక పడిందని తెలియగానే కెజియాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడ్వడానికి తీరిక లేక ఇంకో చెంచా పోసింది.

గ్లాసు ఖాళీ అయ్యింది. రెండోది సగం దాకా వచ్చేసరికి జీవరాజ్ కళ్లు భార్య మీద నిలిచాయి. నాలుకతో పెదవులు తడుముకున్నాడు. రుచి చూసి గుర్తుపట్టాడు.

"ఏం ఎలీసా," అన్నాడు నీరసంగా, "రేపటిది ఇయాల్నే వోస్తున్నవ్?"

ఎలీసబెతమ్మ గ్లాసు నేల మీద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఇంత ముద్దుగా ఎప్పుడూ మాట్లాడలేదనిపించింది ఆమెకు.

*

కెజియా ఫోన్ చేసిందే తడవు ఆమె భర్త స్టాన్లీ పనిచేసే చోటి నుంచి బండి మీద ఎగిరొచ్చాడు. అప్పటికి తండ్రి మంచం మీద దిండుకు ఆనుకుని, రొట్టె, గుడ్డు తింటున్నాడు. మిషన్‌లో అంకె తొంభై దాటింది. డాక్టరమ్మ ఫోన్ ఎత్తడం లేదు. దవాఖానకు తీసుకుపోదామని స్టాన్లీ ఆటోకు కబురు చేశాడు.

ఆటో వచ్చేలోపు ఇల్లు ఊరుకుంటుందా?

"నేను ఒక్క మాట అడుగుత," అంది ఎలీసబెతమ్మ. ఎవరి వైపూ చూడలేదు, గోడతో చెప్పినట్టు చెప్పింది. "ఈయన అన్నం దిన్నన్ని దినాలు ఒక్కనాడన్న వడ్డడా? బస్సు నడిపిండు, రెండు పూటలు కంచం నిండ తిన్నడు. ఏనాడన్న వడ్డడా?"

"అమ్మా, గిప్పుడెందుకది?" అన్నాడు స్టాన్లీ.

"గిప్పుడు గాకుంటె ఎప్పుడు? సమాధి కాడ అడగాల్నా?"

కెజియా తలుపు దగ్గర నిలబడి ఉంది. అత్త ఆమె వైపు తిరిగింది.

"మాట్లాడవేంది? ఫోన్ల జూసి, మిషన్ల జూసి, ఆయన పానం మీదికి తెచ్చినవ్. నా పెనిమిటి మీద పరీక్షలు జేసినవ్ నువ్వు."

"నా దాంట్ల తప్పుంటె నేను ఒప్పుకుంట అత్తమ్మా," అంది కెజియా. "కని తిండి తోని గిట్ల గాదు. గోలి ఎక్కువైతెనే ఇంత తక్కువైతది."

"మరి గోలి ఎందుకు వెంచిన్రు?" అన్నాడు స్టాన్లీ. అది నిందించే గొంతు కాదు, నిజంగానే తెలియక అడిగాడు. ఇంటి లెక్కలన్నీ భార్యకు వదిలేసి హాయిగా ఉన్న మనిషి.

"పొద్దుగాల షుగర్ దిగుతలేకుండె గద! పగలంత బాగుంటది, నూట ఇరవై, నూట ముప్పై. రాత్రి ఉత్త కూర దిన్నా సరే, తెల్లారి జూస్తె రెండు వందలు దాటుతది. నాకే సముజ్ కాలే. డాక్టరమ్మకు జెప్పిన. 'ఫాస్టింగేనా, ఏం తాగకుండ తినకుండ చూసిందేనా' అని అడిగింది. అవునన్న. అయితే రాత్రికి గూడ గోలి వెయ్యాలె అని రెండు పూటలు జేసింది."

"అవు, ఉపవాసమే," అంది ఎలీసబెతమ్మ. కోపంలో ఉన్నా అబద్ధం ఆడే మనిషి కాదు. "ఆ మాటకు నేను సాక్షి. పొద్దుగాల నువ్వు ఇంత వొడుగు మిషన్ వట్టుకోని 'ఉపవాసమేనా మామయ్యా' అని అడిగెదాక ఆయన నోట్లె ఏం వెట్టడు."

మంచం మీద జీవరాజ్ గుడ్డు ముక్క మింగి, తల ఆడించాడు. తన నిష్ఠ గురించి నలుగురూ మాట్లాడుకోవడం ఆయనకు కొంచెం బాగానే ఉంది.

"ఉపవాసం అంటె ఉపవాసమే బిడ్డా. నా దోస్తు మొగులప్ప ఒక్కతీర్గ బతిమాలుతడు. చాయ్ల బిస్కెట్ ముంచి నోటి కాడికి తెస్తడు. నేను ముట్ట. ఉపవాసమున్న మనిషికి బిస్కెట్ ఏందిరా అని కోప్పడ్త."

తలుపు దగ్గర కెజియా తల ఎత్తింది.

"ఏం చాయ్ మామయ్యా?"

"చాయే. కిల్లా దర్వాజ కాడ. వాకింగ్ అయినంక అందరం తాగే ఇండ్లకొస్తం."

"రోజూనా?"

"ఎన్నో ఏండ్ల సంది తాగుతున్న. ఇయాల కొత్తనా?"

"చక్కెర వేసిన చాయా?"

జీవరాజ్‌కు ఆ ప్రశ్నే విడ్డూరంగా తోచింది. "చక్కెర లేంది చాయ్ ఎట్లయితది బిడ్డా?"

బయట వీధిలో ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది ఆటో కాదు.

"మామయ్యా," అంది కెజియా మెల్లగా, "నేను రోజు అడుగుతుంటి గద, ఉపవాసమేనా అని. మీరు అవునంటుంటిరి గద."

"అవునే గద! ఉపవాసమే గద! చాయ్ అన్నమా? శుక్రవారం ఉపవాస ప్రార్థనల మనందరం తాగుతలేమా? పాస్టరయ్య గూడ తాగుతడు. చాయ్ తాగితె ఉపవాసం ఖరాబైతదా? ఎవరన్న నవ్వుతరు."

ఆయన మోసం చేయలేదు. మొహం చూస్తేనే తెలుస్తోంది. కోడలు అడిగిన మాటకు నిజమైన జవాబే చెప్పాడు, రోజూ చెప్పాడు. ఆ తర్వాత గొంతు కొంచెం తగ్గించి, "ఇంట్ల చక్కెర బందన్నవ్, బందు వెట్టిన. బయట ఒక్క చాయ్ తోని ఏమైతదిలే అనుకున్న. అది మాత్రం నా తప్పే," అన్నాడు.

కెజియా మంగళగి ఊళ్లో పుట్టి పెరిగింది, ఆ సంఘంలోనూ ఇదే ఆచారం. చిన్నప్పటి నుంచి ఎన్ని శుక్రవారాలు ఉపవాసం ఉందో, అన్ని శుక్రవారాలూ ప్రార్థన మధ్యలో ఆ వేడి చాయ్ తనూ తాగింది. ఉపవాసం చెడిందని ఒక్కనాడూ అనుకోలేదు. పరగడుపునా అని అడిగి ఉంటే సరిపోయేది. పచ్చినీళ్లు తప్ప ఏం తాగలేదు కదా అని అడిగినా సరిపోయేది. ఈ ఇంట్లో అందరి నోటా ఆడే మాటే కదా అని ఉపవాసం అంది.

"అంటె..." స్టాన్లీ ఇప్పుడిప్పుడే లెక్క అందుకుంటున్నాడు. "నువ్వు పొద్దుగాల జూసింది రాత్రి షుగర్ గాదు. చాయ్ షుగరు."

"అవును."

"అంటె రెండో గోలి చాయ్‌కు వేసినమా?" అంది ఎలీసబెతమ్మ.

కెజియా తల ఊపింది.

ఇక ఎలీసబెతమ్మ కోపం దారి మార్చుకుంది. కోడలిని వదిలి మొగుడి మీద పడింది. "చాయ్ తాగొచ్చి, మూతి తుడుసుకోని, నా ముంగట ఉపవాసమంటవా? నేను సాక్షి అని జెప్పిన గదయ్యా! అబద్ధపు సాక్ష్యం జెప్పిచ్చినవ్ నాతోని!" అంది. "నువ్వు అడగలే, నేను జెప్పలే," అన్నాడాయన. స్టాన్లీకి నవ్వు ఆగలేదు. చావు తప్పిన ఇంట్లో నవ్వు కూడా ఏడుపులాగే తొందరగా అంటుకుంటుంది. ఎలీసబెతమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. పొద్దున్నే చాయ్ మానేస్తే సరి, రెండో గోలి తీసేస్తే సరి, పీడ విరగడైంది అన్నాడు జీవరాజ్.

కెజియా ఒక్కతే నవ్వలేదు.

ఆమె మొహంలో రక్తం లేదు. మంచం పట్టె మీద కూర్చుని, అత్త చెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా, మొన్న సంఘంల నేను అందరికి షుగర్ జూసిన గద. అదీ శుక్రవారమే గద?"

"అవు. ఉపవాస ప్రార్థన దినం."

ఆ ఆలోచన కెజియాదే. మామకు బాగవుతోందని అందరూ మెచ్చుకుంటుంటే, ముసలివాళ్లకు తానే పరీక్ష చేస్తానని పాస్టరయ్యతో చెప్పింది. అందరూ ఉపవాసం ఉండే రోజైతే ఇంకా మంచిదంది. ఆయన వేదిక మీదే ప్రకటించాడు. వేళ్లు చాచి వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరినీ అడిగింది, ఉపవాసమేనా అని. ఒక్కొక్కరూ చెప్పారు, ఉపవాసమే తల్లీ అని.

"ఆ దినం చాయ్ ఇచ్చిన్రా? మిషన్ వెట్టకముందు?"

"ఇయ్యకుంటెట్ల? నేనే వోసిన. రాచమ్మక్క అయితె రెండు గ్లాసులు తాగింది, గొంతు ఎండిందని."

ఆ పేరు నోటెంట వచ్చాక ఎలీసబెతమ్మ కోడలి చేతిని గట్టిగా పట్టుకుంది.

మిగతావాళ్లు అంకె విని, నవ్వి, మర్చిపోయారు. రాచమ్మ మర్చిపోలేదు. చర్చి వెనక సందులో ఒంటరిగా ఉండే విధవ, కెజియా మాటంటే వేదవాక్కు. ఆ రోజు ఆమె అంకె చూసి భయపడి కెజియానే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఫాస్టింగేనా అని డాక్టరమ్మ అడిగింది. అవునని కెజియానే చెప్పింది. ఆమెకూ రెండు పూటలా గోలి. వస్తూ వస్తూ కెజియా ఆమె వంటింట్లో కూడా దూరి, అన్నం మాన్పించి, జొన్నరొట్టె ఒకటి చాలని చెప్పి వచ్చింది.

"ఫోన్ జెయ్యి," అన్నాడు జీవరాజ్. పళ్లెం పక్కకు తోశాడు. "జల్ది జెయ్యి బిడ్డా."

కెజియా అప్పటికే నంబరు నొక్కింది. అటు మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. స్టాన్లీ బండి తాళం చేతిలోకి తీసుకుని వాకిట్లోకి నడిచాడు.

ఈసారి ఎత్తారు. ఎత్తింది రాచమ్మ కాదు, ఆమె పక్కింటి అంబిక.

"అవ్వ ఏది అంబికక్కా? అవ్వకు ఫోనియ్యి."

"అవ్వ మాట్లాడేటట్టు లేదు కెజియా. చెమటలు వట్టి వడిపోయింది. ఏందేందో అంటాంది. షుగర్ ఎక్కువైనట్టుంది. పరేషాన్ గాకు, నువ్వు ఇప్పిచ్చిన గోలి ఉండె గద, ఇప్పుడే నోట్లె వేసి నీళ్లు తాపిన."

కెజియా మంచం మీంచి లేచింది. "ఇంకో గోలి వెయ్యకక్కా! ఆమెకు షుగర్ ఎక్కువ గాలే, తక్కువైంది! చక్కెర వెట్టు, నోట్లె చక్కెర వెట్టు, మేం వస్తున్నం!"



"చక్కెరనా? షుగరున్న మనిషికి చక్కెర వెట్టుమంటున్నవా? నువ్వే గద ఆమె ఇంట్ల చక్కెర డబ్బా నాకిచ్చి, అడిగినా ఇయ్యద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నవ్? ఎవరు మాట్లాడేది? నువ్వు కెజియావు గాదు," అంది అంబిక, ఫోన్ పెట్టేసింది.